44 పేర్లు, ఒక ఎరుపు రంగు: బడి తెరిచే రోజు కుకీలపై ఒక కేస్ స్టడీ

ఒకటో తరగతి టీచరు గారు ఒకరు, బడి తెరిచే రోజున తన తరగతిలోని 42 మంది పిల్లలకూ, తనతో కలిపి ఇద్దరు ఉపాధ్యాయులకూ పేర్లు రాసిన షుగర్ కుకీలు కావాలని నన్ను అడిగారు. కుకీ గీతల నోటుపుస్తకంలోని పేజీలా తెల్లగా ఉండాలి, పేరు తెలుగు అక్షరాల్లో ఎర్రగా ఉండాలి, సోమవారం ఉదయం తరగతి మొదలయ్యేలోపు చేతికి అందాలి. ఇది నేను చాలాసార్లు చేసిన పనే. అయినా మొదటి 14 పేర్లు రాసిన మర్నాడు చూస్తే, వాటిలో తొమ్మిదింటి మీద ఎరుపు అక్షరాల అంచు దాటి తెలుపులోకి గులాబీ రంగు మచ్చలుగా పాకింది. అది ఎందుకు జరిగింది, ఉన్న రెండు రోజుల్లో ఎలా సర్దుకున్నాను, తరువాతి వారం తీరిగ్గా కూర్చుని చేసిన పరీక్షల్లో ఏం తేలింది అన్నదే ఈ వ్యాసం. రెసిపీ వివరాలు ఆ వైఫల్యంతో సంబంధం ఉన్నంత మేరకే ఇస్తున్నాను.

ఈ పని తరువాత నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. పేరు రాసిన కుకీల్లో పేరును అందరం చివరి మెరుగుగా చూస్తాం. నిజానికి ఆకారం, ఐసింగ్ (కుకీ మీద వేసే చక్కెర పూత) చిక్కదనం, రంగు కలిపే రోజు, ఆరబెట్టే గంటలు అన్నీ పేరును బట్టే నిర్ణయం కావాలి. ఈసారి ఆకారం విషయంలో ఆ మాటకు కట్టుబడ్డాను, మిగతా మూడింటిలో తప్పాను.

పేరును బట్టి ఆకారం

టీచరు గారు మొదట అడిగింది పెన్సిల్ ఆకారం. నా దగ్గర ఉన్న పెన్సిల్ కట్టర్ వెడల్పు 3 సెంటీమీటర్లు. రెండు పక్కలా అంచు గీతకు 3 మిల్లీమీటర్ల చొప్పున వదిలితే రాతకు మిగిలేది 24 మిల్లీమీటర్లు. ఇంగ్లీషు పెద్దక్షరాలకు ఆ చోటు ధారాళంగా సరిపోతుంది, ఎందుకంటే అవి రెండు గీతల మధ్య ఇమిడిపోతాయి. తెలుగు రాత మాత్రం మూడంతస్తుల కట్టడం: పైన తలకట్టు, గుడి, ఏత్వం, మధ్యలో అక్షరం, కింద ఒత్తు. ‘లక్ష్మి’ అన్న పేరులో ఒకే అక్షరం మీద గుడి ఉంది, దాని కింద ష ఒత్తూ మ ఒత్తూ ఉన్నాయి. 24 మిల్లీమీటర్లను ఈ మూడంతస్తులకు పంచితే అసలు అక్షరానికి 8 మిల్లీమీటర్లు దక్కుతాయి. నేను వాడే సన్నని గుండ్రటి నాజిల్ నుంచి వచ్చే ధార కుకీ మీద పడ్డాక సుమారు 1.5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఆ మందంతో 8 మిల్లీమీటర్ల ఎత్తులో ‘ఘ’ గానీ ‘హ’ గానీ రాస్తే లోపలి సందులు పూడుకుపోయి అక్షరం ముద్దగా మారుతుంది. అక్షరం లోపలి ఖాళీ కనీసం ధార మందమంత ఉండాలన్నది నేను పాటించే కొలత, ఆ లెక్కన మధ్య అంతస్తుకు 12 మిల్లీమీటర్లు కావాలి.

అందుకే పెన్సిల్ వద్దని, 7 సెంటీమీటర్ల వెడల్పు, 8.5 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న నోటుపుస్తకం ఆకారం మంచిదని టీచరు గారికి చెప్పాను. వారు ఒప్పుకున్నారు, పెన్సిల్ బొమ్మను పేజీ కింది మూలలో చిన్నగా వేస్తే చాలన్నారు. తెలుగు అక్షరాల గుండ్రదనం ఐసింగ్‌కు ఎంతో అనుకూలమని కూడా ఇక్కడ చెప్పాలి. నాజిల్ మొనను కుకీకి ఒక సెంటీమీటరు ఎత్తున పట్టుకుని ధారను దారంలా వదిలితే అది తనంతట తానే వంపు తిరుగుతుంది. చేయి వణికేది నిటారు గీతల దగ్గరే, అవి తెలుగులో తక్కువ.

పేర్ల జాబితా విషయంలో ఒక హెచ్చరిక. తల్లిదండ్రులు స్వయంగా రాసిచ్చిన పేర్లను కంప్యూటరులో టైపు చేసి, సరైన కొలతలో ముద్రించుకుని, వాటిని చూస్తూ రాద్దామనుకున్నాను. నేను వాడిన ముద్రణ సాఫ్ట్‌వేర్ ఒత్తులను అక్షరం కింద కాకుండా పక్కన నిలబెట్టింది, కొన్ని గుడులు విడిపోయి గాలిలో తేలాయి. తెలుగు చదవడం అలవాటున్న కంటికి అవి వెంటనే తెలుస్తాయి గానీ, అర్ధరాత్రి వేళ 30వ పేరు రాస్తున్న చేతికి తెలియవు. చివరకు 44 పేర్లూ ట్రేసింగ్ కాగితం మీద నా చేత్తోనే రాసుకుని, తల్లిదండ్రుల రాతతో ఒక్కొక్కటీ పోల్చి చూసుకున్నాను. ఒక గంట పట్టింది. ఆ గంటను ఇప్పుడు ప్రతి ఆర్డరులోనూ ముందే లెక్కలో వేసుకుంటున్నాను.

అలర్జీల గురించి అడిగితే ఒక బిడ్డకు బాదం, జీడిపప్పు వంటివి పడవని తెలిసింది. మామూలుగా నేను పిండిలో వేసే బాదం ఎసెన్స్ మానేసి వెనిలా మాత్రమే వాడాను. గుడ్డు, పాలు, గోధుమ ఉన్నాయని ప్రతి ప్యాకెట్ మీదా రాశాను. గుడ్డు పడని పిల్లలుంటే ఆ ఆర్డరు నేను తీసుకోను. శనగలు ఉడికించిన నీటితో గుడ్డు లేని ఐసింగ్ చేయవచ్చన్నది నిజమే అయినా, మెరాంగ్ పౌడర్ (గుడ్డు తెల్లసొన పొడి) గాలిలో ఎగిరే వంటగదిలో కూర్చుని దానికి హామీ ఇవ్వలేను.

అడుగున ఉండే కుకీ

దీని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒక విడతకు 225 గ్రాముల బటర్, 200 గ్రాముల చక్కెర, ఒక గుడ్డు, 400 గ్రాముల మైదా, చిటికెడు ఉప్పు, వెనిలా. బేకింగ్ పౌడర్ వేయను, ఎందుకంటే అది వేస్తే పుస్తకం మూలలు గుండ్రబడతాయి. బటర్, చక్కెర బాగా తెల్లబడేదాకా గిలకొట్టినా అదే జరుగుతుంది, లోపల చేరిన గాలి ఓవెన్‌లో వ్యాకోచించి కుకీని పక్కలకు నెడుతుంది. రెండూ కలిసేవరకు తిప్పి ఆపేయాలి. పిండిని 6 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, కోసిన ముక్కలను ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, 175 డిగ్రీల సెల్సియస్ వద్ద 11 నిమిషాలు కాల్చాను. మూడు విడతల్లో 56 వచ్చాయి, ఒకటి విరిగింది. గురువారం రాత్రికి 55 కుకీలు చల్లారి సిద్ధంగా ఉన్నాయి.

ఐసింగ్, అందులో నేను చేసిన మార్పు

రాయల్ ఐసింగ్‌లో ఉండేవి మూడే: ఐసింగ్ షుగర్, గుడ్డు తెల్లసొన ప్రొటీన్, నీరు. పచ్చి తెల్లసొనతో సాల్మొనెల్లా భయం ఉంటుంది కాబట్టి, ముఖ్యంగా పిల్లలు తినేవాటికి, పాశ్చరైజ్ చేసిన తెల్లసొనతో తయారైన మెరాంగ్ పౌడరే వాడతాను. 450 గ్రాముల ఐసింగ్ షుగర్‌కు 30 గ్రాముల మెరాంగ్ పౌడర్, 80 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు. నూనె లేదా బటర్ తడి ఏ మాత్రం ఉన్నా ప్రొటీన్ నురుగు నిలవదు, అందువల్ల గిన్నెనూ బ్లేడునూ వినెగర్‌తో తుడిచి, మిక్సర్‌ను తక్కువ వేగంలో 5 నిమిషాలు తిప్పుతాను. వేగం పెంచితే నురుగు ఎక్కువై, ఆరిన ఐసింగ్ బోలుగా మారి పెళుసెక్కుతుంది, కింది కుకీలోని కొవ్వును కూడా పైకి పీల్చుకుంటుంది.

ఈ మూడింటికి నాలుగోదిగా చాలామంది కార్న్ సిరప్ (మొక్కజొన్న పాకం) కలుపుతారు. ఆరిన రాయల్ ఐసింగ్ గట్టిగా, గాజుపెంకులా ఉంటుంది. సిరప్ దానికి కాస్త మెత్తదనాన్నీ మెరుపునూ ఇస్తుంది. నేను మామూలుగా 450 గ్రాములకు ఒక టేబుల్ స్పూన్ వేస్తాను. ఈసారి తినేది ఆరేళ్ల పిల్లలు, కొందరికి ముందు పళ్లు ఊగుతూ ఉంటాయి, కొరికినప్పుడు మెత్తగా ఉండాలన్న ఆలోచనతో రెండు టేబుల్ స్పూన్లు వేశాను. ఉద్దేశం మంచిదే. దాని ఫలితం ముందు ముందు వస్తుంది.

పేజీకి పరిచే ఐసింగ్‌ను, కత్తి మొనతో గీసిన గీత 12 సెకన్లలో పూడిపోయేంత పలుచగా చేశాను. పేరు రాసేదానికి గీత చెదరకూడదు, అలాగని నాజిల్ నుంచి వచ్చేటప్పుడు ధార తెగిపోకూడదు. మిక్సర్ బ్లేడు పైకెత్తితే మొన నిలిచి, కొస మాత్రం వంగాలి.

తెలుపును మరింత తెల్లగా చేసే వైట్ జెల్‌లు చాలావాటిలో టైటానియం డయాక్సైడ్ ఉంటుంది. ఐరోపా సమాఖ్య 2022లో దాన్ని ఆహారంలో వాడకుండా నిషేధించింది. నేను దాన్ని వాడను. నా తెలుపు కొంచెం దంతపు ఛాయలో ఉంటుందని ముందే చెబుతాను. ఎరుపు విషయంలోనూ ఒక జాగ్రత్త ఉంది. అల్యూరా రెడ్, అంటే ఇ129, సహా ఆరు కృత్రిమ రంగులున్న ఆహారం మీద, పిల్లల చురుకుదనంపైనా ఏకాగ్రతపైనా చెడు ప్రభావం ఉండవచ్చన్న హెచ్చరిక 2010 జూలై నుంచి ఐరోపా సమాఖ్యలో తప్పనిసరి. పరిమాణం చిన్నదే అయినా, చిన్నపిల్లలకు చేసే పనిలో ముదురు ఎరుపును అక్షరాలకే పరిమితం చేస్తాను, పేజీ మొత్తానికి పరచను. అలా చెప్పుకునే నేనే ఆ రోజు అక్షరాల్లోకి అవసరానికి మించి రంగు వేశాను.

శుక్రవారం సాయంత్రం

శుక్రవారం ఉదయం 11 గంటలకు 48 కుకీల మీద తెలుపు పరచడం ముగిసింది: పేర్లకు 44, అదనంగా 4. మిగిలిన 7 కుకీలను ఐసింగ్ లేకుండా పక్కన పెట్టాను. గదిలో ఫ్యాన్ తిరుగుతోంది, తేమ కొలిచే చిన్న మీటరు 64 శాతం చూపుతోంది.

ఎరుపు రంగును మధ్యాహ్నం మూడు గంటలకు కలిపాను. జెల్ రంగులు కలిపిన వెంటనే వాటి అసలు ఛాయ చూపవు. ఎరుపు, నలుపు, ముదురు నీలం కొన్ని గంటలపాటు ముదురుతూనే ఉంటాయి. ఈ సంగతి తెలిసి కూడా, గిన్నెలో కనిపించింది గులాబీ రంగేనని చుక్క తరువాత చుక్క వేస్తూ పోయాను. కుకీల వాళ్లం ఎరుపును ఒక రోజు ముందు కలపాలని ఒకరికొకరం చెప్పుకుంటూనే ఉంటాం, పని ఒత్తిడిలో మొదట మరిచిపోయేదీ అదే.

సాయంత్రం 5 గంటలకు, అంటే తెలుపు పరిచిన 6 గంటలకు, రాయడం మొదలుపెట్టాను. నా పద్ధతి ఇది: ట్రేసింగ్ కాగితాన్ని కుకీ మీద ఉంచి, అక్షరం మలుపు తిరిగే చోట్ల సూదితో సన్నగా గుచ్చి, కాగితం తీసి, ఆ చుక్కలను కలుపుతూ రాస్తాను. ఆ సాయంత్రం కొన్ని కుకీల మీద సూది కాస్త మెత్తగా దిగింది. బాగా ఆరిన ఐసింగ్‌లో సూది మొన చిన్న శబ్దంతో ఆగుతుంది. మెత్తగా దిగిందంటే పైపొర కింద ఇంకా తడి ఉందన్న మాట. పైన చేయి పెడితే అంటడం లేదు కాబట్టి ఆరినట్టే అనుకున్నాను. మొత్తం వ్యవహారంలో నా అసలు తప్పు అక్కడే ఉంది. సూది సమస్యను రాతకు ముందే చెప్పింది, నేను వినలేదు.

రాత్రి 8 గంటలకు 14 పేర్లు పూర్తయ్యాయి. చేయి అలసి ఆపేయడం ఒక విధంగా అదృష్టం, లేకుంటే 44 పేర్లూ అదే దారి పట్టేవి.

శని, ఆదివారాలు

ఉదయం లేచి చూసేసరికి తొమ్మిది కుకీల మీద అక్షరాల చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర గులాబీ అంచు కనిపించింది. ఒత్తులున్న పేర్లలో అది మరీ ఎక్కువ, ఎందుకంటే అక్కడ తక్కువ చోటులో ఎక్కువ తడి ఐసింగ్ పడుతుంది. ‘శ్రావ్య’ అన్న పేరులో రెండు ఒత్తుల మధ్య తెలుపు పూర్తిగా గులాబీ అయిపోయింది. రెండో సంగతి, గిన్నెలో మిగిలిన ఎరుపు రాత్రికి రాత్రి గడ్డకట్టిన నెత్తురు రంగుకు ముదిరింది. ఎంత ఎక్కువ రంగు వేశానో దాన్ని చూస్తే తెలిసిపోయింది.

పాకిన రంగును వెనక్కి లాగే ఉపాయం లేదు. మచ్చపడిన పేరు మీద పసుపు రంగు చీటీలా ఒక పొర వేసి, అది ఆరాక మళ్లీ రాయడం ఒక మార్గం. అందంగానే ఉండేది. కానీ ఆరేళ్ల పిల్లలు కూర్చున్న తరగతిలో తొమ్మిది మందికి మాత్రమే పసుపు చీటీ ఉంటే, మిగిలిన వాళ్లంతా ‘నాకెందుకు లేదు’ అంటారు, లేదా ఆ తొమ్మిది మందీ ‘నాకెందుకు ఇలా’ అంటారు. పేర్లు రాసే పనిలో మిగతావన్నీ ఒకేలా ఉండాలి, తేడా పేరులో మాత్రమే ఉండాలి. ఆ మార్గం వదిలేశాను.

తెలుపు పరిచి సిద్ధంగా ఉన్న నాలుగు అదనపు కుకీలు నాలుగు పేర్లకు సరిపోయాయి. మిగిలిన ఐదింటి కోసం ఐసింగ్ లేని ఏడు కుకీలనూ బయటకు తీసి, ఈసారి సిరప్ లేకుండా కొత్త విడత కలిపి, శనివారం మధ్యాహ్నం 12 గంటలకు తెలుపు పరిచాను. సిరప్ మానేయడానికి అప్పటికి నా దగ్గర గట్టి ఆధారమేమీ లేదు. రెసిపీలో నేను మార్చింది అదొక్కటే కాబట్టి ముందు దాన్ని తీసేయాలనిపించింది.

ముదిరిన ఎరుపులో దానికి సమానంగా తెలుపు ఐసింగ్ కలిపాను. పొద్దున గిన్నెలో కళ్లు చెదిరేంత ముదురుగా ఉన్నది, సగానికి పలచన చేశాక టీచరు గారు అడిగిన ఎరుపుగానే మిగిలింది. అంటే ముందు రోజు వేసినదానిలో సగం రంగు దండగ. దానికి కొంచెం ఐసింగ్ షుగర్ చేర్చి మరింత గట్టిపరిచి, శనివారం మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు, 24 గంటలకు పైగా ఆరిన పేజీల మీద 34 పేర్లు రాశాను. ప్రతి కుకీ మూలలోనూ ముందు సూది గుచ్చి చూశాను. ఆదివారం ఉదయానికి ఒక్కటి కూడా పాకలేదు. సిరప్ లేని ఏడు కుకీల మీద ఆదివారం ఉదయం 8 గంటలకు, అంటే 20 గంటలు ఆరాక, మిగిలిన ఐదు పేర్లు రాశాను. సూదికి అవి ముందు రోజు పేజీల కంటే గట్టిగా తగిలాయి, గమనించి పుస్తకంలో రాసుకున్నాను.

మూలలో వేసిన చిన్న పెన్సిల్ బొమ్మ వెనుక ఉండే రబ్బరు భాగం కొన్నింటిలో గుంట పడింది. ఇరుకైన చోట పలుచని ఐసింగ్ వేస్తే ఆరే క్రమంలో లోపలి నురుగు కూలి అలా అవుతుంది. 20 సెకన్ల చిక్కదనంతో వేసి, వెంటనే ఫ్యాన్ ముందు పెడితే ఆ సమస్య ఉండదు. మిగిలిన వాటికి అలాగే చేశాను.

తరువాతి వారం చేసిన పరీక్ష

సోమవారం అందించడం అయిపోయినా నా అనుమానం తీరలేదు. ఒకేసారి మూడు మార్పులు చేశాను: కొన్నింటిలో సిరప్ తీసేశాను, ఆరే సమయం పెంచాను, రంగు పలచన చేశాను. వీటిలో ఏది పని చేసిందో తెలియకుండా తరువాతి ఆర్డరు తీసుకోవడం ఇష్టం లేకపోయింది. 12 కుకీలు కాల్చి, ఒక్కో అమరికకు రెండేసి చొప్పున ఆరు అమరికల్లో తెలుపు పరిచి, అన్నింటి మీదా ఒకే పదాన్ని, రెండు ఒత్తులున్న ‘శ్రావ్య’నే, రాశాను. గది తేమ ఆ రోజుల్లో 60 నుంచి 65 శాతం మధ్య ఉంది.

రెండు స్పూన్ల సిరప్, 6 గంటల ఆరుదల, ముదురు ఎరుపు: నాలుగు గంటల్లోపే అంచులు గులాబీ అయ్యాయి, ఆ శుక్రవారం చూసిన దృశ్యమే మళ్లీ కనిపించింది. అలాంటి పేజీల మీదే సగం రంగుతో గట్టిగా కలిపిన ఎరుపు రాస్తే మచ్చ వచ్చింది గానీ, వెలుతురుకు పట్టి చూస్తే తప్ప కనబడనంత లేతగా. రెండు స్పూన్ల సిరప్‌తో 20 గంటలు ఆరనిచ్చి ముదురు ఎరుపు రాసిన రెండింటిలో ఒకటి శుభ్రంగా ఉంది, ఒకదానిలో ఒత్తుల దగ్గర కొద్దిగా పాకింది. సిరప్ లేకుండా 6 గంటలే ఆరిన పేజీ మీద ముదురు ఎరుపు రాసినవి రెండూ దాదాపు అలాగే, ఒత్తుల మధ్య మాత్రం సన్నని గీతలా పాకాయి. సిరప్ లేకుండా 20 గంటలు, సగం రంగు: ప్యాకెట్‌లో ఐదు రోజులు ఉన్నా మచ్చ లేదు. ఒక స్పూన్ సిరప్, 20 గంటలు, సగం రంగు: అది కూడా శుభ్రంగానే ఉంది, పైగా కొరికితే మెత్తగా ఉంది.

రెండేసి కుకీలతో తేలినదాన్ని సూత్రంగా చెప్పలేను, కానీ కారణాల వరుస నాకు అర్థమైంది. జెల్ రంగులు నీటిలో కరిగేవి, నీరు ఎటు వెళ్తే రంగు అటు వెళ్తుంది. పరిచిన ఐసింగ్ ఆరేటప్పుడు నీరు పైనుంచి ఆవిరై, చక్కెర స్ఫటికాలు ఒకదానికొకటి అల్లుకుని పెంకులా తయారవుతుంది. ఆ పెంకుకు సన్నని రంధ్రాలుంటాయి, కింద ఇంకా చక్కెర ద్రవం ఉంటుంది. దాని మీద తడి అక్షరం పడితే, అక్షరంలోని నీరు పెంకును కొంచెం కరిగించి కింది తడితో కలుస్తుంది, ఆ దారి వెంట రంగు పక్కకు జారుతుంది. కార్న్ సిరప్ చేసే పనే స్ఫటికాలు కట్టకుండా ఆపడం, నీటిని పట్టి ఉంచడం. కొరికితే మెత్తగా ఉండడానికి కారణమైన గుణమే పేజీని గంటల తరబడి లోపల తడిగా ఉంచింది. నేను పిల్లల పళ్ల కోసం అదనంగా వేసిన స్పూన్, నా పేర్ల కింద నీటి దారి తెరిచింది.

త్వరగా ఆరడానికి 40 డిగ్రీల డీహైడ్రేటర్ (వెచ్చని గాలితో తేమ లాగే యంత్రం) వాడవచ్చు కదా అని అడగవచ్చు. పైపొర త్వరగా గట్టిపడుతుంది, మెరుపు కూడా వస్తుంది. అయితే బటర్ సుమారు 32 నుంచి 35 డిగ్రీల మధ్యే కరుగుతుంది. పెద్ద తెల్లని పేజీ ఉన్న కుకీని అందులో ఎక్కువ సేపు ఉంచితే అడుగు నుంచి కొవ్వు ఊరి పసుపు మచ్చలు వస్తాయి. గుంటలు పడకుండా మొదటి 15 నిమిషాలకే దాన్ని వాడతాను, మిగతా ఆరుదలంతా ఫ్యాన్ గాలికే.

ఇప్పుడు నేను వాడుతున్న క్రమం: 450 గ్రాములకు ఒక స్పూన్ సిరప్ మించకుండా, ఎరుపు, నలుపు, ముదురు నీలం రాతకు ముందు రోజే, కావలసిన ఛాయ కంటే ఒక మెట్టు లేతగా కలిపి, పేజీ పరిచిన మర్నాడే రాత, రాసే ముందు ఒక అదనపు కుకీ మీద సూది. సూది మెత్తగా దిగితే ఆ రోజు రాతకు కూర్చోను.

ప్యాకింగ్, 45వ పేరు

పేర్లు రాశాక కనీసం 12 గంటలు, వీలైతే ఇంకా ఎక్కువసేపు ఆరనిచ్చాకే కుకీలను సంచుల్లో వేసి వేడితో మూతలు అతికిస్తాను. తడి మిగిలి ఉంటే సంచిలో చెమటపట్టి, బయట శుభ్రంగా ఉన్న పేరు కూడా లోపల పాకుతుంది. ఆ లెక్కన 39 కుకీలు ఆదివారం రాత్రికి, చివరి ఐదు సోమవారం తెల్లవారుజామున ప్యాక్ అయ్యాయి.

ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు టీచరు గారు ఫోన్ చేశారు. తరగతిలో ఆ రోజే ఒక కొత్త చేరిక ఉందని, ‘ఇప్పుడు అడగడం బాగోదని తెలుసండీ, కానీ తొలిరోజే ఒక్క బిడ్డకు లేకుండా ఎలా’ అని అన్నారు. సిరప్ లేకుండా పరిచిన ఏడింటిలో రెండు మిగిలి ఉన్నాయి. పేరు వాట్సాప్‌లో పంపమన్నాను, టైపు చేయకుండా కాగితం మీద వాళ్ల అమ్మగారి చేత రాయించి ఫోటో పంపమన్నాను. రాత్రి 8 గంటలకు రాశాను. ఉదయానికి 12 గంటలు నిండవు కాబట్టి దాన్ని సంచిలో వేయలేదు. మూత బిగించని చిన్న డబ్బాలో పెట్టి, మధ్యాహ్నం భోజనం వేళ దాకా మూత తీసే ఉంచమని చీటీ రాసి, మిగతా 44తో పాటు పంపించాను. అప్పటి నుంచి ప్రతి 20 పేర్లకు రెండు ఖాళీ పేజీలు ఆరబెట్టి ఉంచుతున్నాను, వాటి మీద రాయడానికి అదే రంగు నింపిన చిన్న పైపింగ్ బ్యాగ్‌తో సహా.